కర్బనంపై పల్లాడియం–రాగి ద్విలోహ నానోకణాలు: తయారీ, నిర్ధారణ

కర్బనం మీద రెండు లోహాలు ఉన్నంత మాత్రాన దాన్ని ద్విలోహ ఉత్ప్రేరకం (తాను ఖర్చు కాకుండా చర్యను వేగవంతం చేసే రెండు లోహాల పదార్థం) అనలేము. ఆ రెండు లోహాలూ ఒకే కణంలో, పరమాణువుకు పరమాణువు ఆనుకొని ఉండాలి. పల్లాడియం కణాలు ఒకచోట, రాగి ఆక్సైడ్ కణాలు మరొకచోట ఉన్న పొడిని రసాయన విశ్లేషణకు పంపినా రెండు లోహాలూ సరైన నిష్పత్తిలోనే కనిపిస్తాయి. కానీ చర్యలో అది పూర్తిగా వేరే పదార్థంలా ప్రవర్తిస్తుంది. కాబట్టి తయారీలో వేసే ప్రతి అడుగునూ, తరువాత చేసే ప్రతి పరీక్షనూ ఒకే ప్రశ్నకు కట్టుబడి నడిపించాలి: ఈ రెండు లోహాలు నిజంగా ఒకే కణంలో ఉన్నాయా? నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, ఈ ప్రాంతపు డిగ్రీ, పీజీ కళాశాలల్లోనో ఎమ్మెస్సీ ప్రాజెక్టు లేదా పీహెచ్‌డీ తొలి దశలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఒక మామూలు రసాయన ప్రయోగశాలలో చేయగలిగినది ఏది, హైదరాబాద్‌కు నమూనా పంపి చేయించుకోవలసినది ఏది అన్నది కూడా ఎక్కడికక్కడ చెబుతాను.

ఉదాహరణకు పల్లాడియం–రాగి జంటను ఎంచుకోవడానికి కారణం ఉంది. నీటిలోని నైట్రేటును హైడ్రోజన్‌తో నైట్రోజన్ వాయువుగా మార్చవచ్చని 1989లో జర్మనీ శాస్త్రవేత్తలు ఫోర్లాప్, టాకె చూపినప్పటి నుంచి ఈ జంట మీద విస్తారంగా పరిశోధన జరిగింది. పల్లాడియం ఒక్కటే ఉంటే నైట్రేటు జోలికి దాదాపుగా పోదు. రాగి నైట్రేటును నైట్రైటుగా మారుస్తుంది, ఆ క్రమంలో తాను ఆక్సీకరణం చెందుతుంది. పక్కనే ఉన్న పల్లాడియం హైడ్రోజన్ అణువును విడగొట్టి, ఆ హైడ్రోజన్ పరమాణువులతో రాగిని మళ్ళీ లోహ స్థితికి తెస్తుంది, నైట్రైటును నైట్రోజన్‌గానో అమ్మోనియాగానో మారుస్తుంది. రెండు లోహాలూ పక్కపక్కన లేకపోతే ఈ చక్రం తిరగదు. అందువల్ల ఈ చర్య మన ప్రశ్నకు తానే ఒక పరీక్ష అవుతుంది. నల్లగొండ పేరు చెబితే అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు కూడా స్థిరపడింది. ఈ ఉత్ప్రేరకం ఫ్లోరైడ్‌ను ఏమాత్రం తగ్గించదని ముందే స్పష్టంగా చెప్పాలి. ఎరువుల నుంచీ మురుగు నుంచీ భూగర్భ జలాల్లోకి చేరే నైట్రేటు వేరే సమస్య. తాగునీటిలో దాని పరిమితిని భారతీయ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది.

లెక్క ముందు, తూకం తరువాత

ఒక గ్రాము ఉత్ప్రేరకంలో మొత్తం లోహం బరువు ప్రకారం 5 శాతం, పల్లాడియం–రాగి పరమాణు నిష్పత్తి 2:1 ఉండాలనుకుందాం. పల్లాడియం పరమాణు భారం 106.42, రాగిది 63.55. కాబట్టి 50 మిల్లీగ్రాముల లోహంలో పల్లాడియం 38.5 మి.గ్రా., రాగి 11.5 మి.గ్రా. అవుతాయి. వీటికోసం పల్లాడియం క్లోరైడ్ 64.2 మి.గ్రా., రెండు నీటి అణువులున్న కాపర్ క్లోరైడ్ 30.9 మి.గ్రా., కర్బనం 950 మి.గ్రా. తీసుకోవాలి. చాలామంది బరువు నిష్పత్తినీ పరమాణు నిష్పత్తినీ కలగలిపేసి, ‘2:1’ అని మాత్రమే రాసి వదిలేస్తారు. రెండింటిలో ఏదో చెప్పకపోతే ఆ పనిని మరొకరు తిరిగి చేయలేరు. ఇంత తక్కువ మోతాదులో లవణాలను తూచడంలో పొరపాటు శాతం పెరుగుతుంది కనుక, వీలైతే ఎక్కువ మోతాదులో గాఢత తెలిసిన ద్రావణాలు తయారు చేసుకొని, కావలసినంత పిపెట్‌తో తీసుకోవడం మేలు. రాగికి నైట్రేట్ లవణం వాడకుండా క్లోరైడ్ లవణం ఎంచుకోవడం వెనుక ఒక ఉద్దేశం ఉంది: తరువాత నైట్రేటు మీద పరీక్ష చేయబోతున్నప్పుడు తయారీలోనే నైట్రేటును చేర్చడం మంచిది కాదు.

పల్లాడియం క్లోరైడ్ ఉత్త నీటిలో కరగదు. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ.లో వేసి, 60 డిగ్రీల వద్ద కలియబెడితే టెట్రాక్లోరోపల్లాడేట్ అయానుగా మారి గోధుమ–నారింజ రంగు ద్రావణం వస్తుంది. అడుగున ముదురు రంగు రేణువులు ఒక్కటి మిగిలినా అది కరిగేదాకా ఆగాలి. ఆ రేణువులు అలాగే కర్బనంలోకి పోతే మీ నిష్పత్తి అక్కడే తప్పుతుంది. ద్రావణం చల్లారాక కాపర్ క్లోరైడ్ కలపాలి.

కర్బనం

కర్బనాన్ని ఉత్త ఆధారంగా చూడడం సరికాదు. లోహం ఎక్కడ కూర్చోవాలో, ఎంత చిన్న కణంగా ఉండాలో నిర్ణయించేది దాని ఉపరితలమే. గ్రాముకు సుమారు 250 చదరపు మీటర్ల ఉపరితల వైశాల్యం ఉన్న వల్కన్ ఎక్స్‌సీ-72 వంటి కార్బన్ బ్లాక్‌ను కొనుక్కోవచ్చు; కొబ్బరి చిప్ప నుంచి చేసిన యాక్టివేటెడ్ కార్బన్ కూడా మార్కెట్లో సులభంగా దొరుకుతుంది. పాలమూరు వైపు, ముఖ్యంగా వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట ప్రాంతాల్లో పల్లికాయ పంట విస్తారం కాబట్టి, పల్లికాయ పొట్టు నుంచి కర్బనం చేసుకోవడం ఇక్కడి ప్రయోగశాలలకు అందుబాటులో ఉన్న పని. పొట్టును కడిగి, 110 డిగ్రీల వద్ద ఆరబెట్టి, పొడి చేసి జల్లించాలి. 20 గ్రాముల పొడికి 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 40 గ్రాములు కలిపి రాత్రంతా నాననివ్వాలి. మరునాడు 110 డిగ్రీల వద్ద ఆరబెట్టి, గొట్టపు కొలిమిలో నైట్రోజన్ ప్రవాహంలో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 500 డిగ్రీలకు తీసుకువెళ్ళి, ఒక గంట ఉంచాలి. చల్లారిన తరువాత కడగడంలో ఓపిక చూపాలి: వేడి నీటితో కడుగు నీరు తటస్థమయ్యేదాకా కడగకపోతే మిగిలిపోయిన ఫాస్ఫేటు తరువాత లోహాల ప్రవర్తనను మారుస్తుంది.

కర్బనం కొన్నదైనా చేసుకున్నదైనా, అందులోని బూడిదను తొలగించడానికి 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని గంటలు కలియబెట్టి కడగాలి. పంట వ్యర్థాల నుంచి వచ్చిన కర్బనంలో పొటాషియం, కాల్షియం, సిలికా, కొంత ఇనుము ఉంటాయి. ఇనుము స్వయంగా నైట్రేటు చర్యలో తలదూర్చగలదు కనుక ఉత్త కర్బనాన్ని కూడా లోహ విశ్లేషణకు పంపడం తప్పనిసరి.

ఆ తరువాత కర్బనపు శూన్యావేశ పీహెచ్‌ను కొలవాలి. ఖరీదైన పరికరం లేకుండానే ఇది చేయవచ్చు. 0.01 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణాన్ని సీసాల్లో పోసి, వాటి పీహెచ్‌ను 2 నుంచి 11 వరకు ఒక్కొక్కటిగా సరిచేసి, ప్రతి సీసాలో సమానంగా కర్బనం వేసి, ఒక రోజు కుదిపి, చివరి పీహెచ్ కొలవాలి. మొదటి, చివరి పీహెచ్‌లు ఒక్కటిగా ఉన్న చోటే శూన్యావేశ బిందువు. దానికన్నా తక్కువ పీహెచ్‌లో కర్బన ఉపరితలం ధనావేశంతో, ఎక్కువ పీహెచ్‌లో ఋణావేశంతో ఉంటుంది.

ఈ ఒక్క సంఖ్య తెలియకపోవడం వల్లనే చాలా ద్విలోహ తయారీలు దెబ్బతింటాయి. మన పల్లాడియం ఋణ అయానుగా ఉంది, రాగి ధన అయానుగా ఉంది. ఆమ్ల ద్రావణంలో ధనావేశమున్న కర్బనం పల్లాడియాన్ని లాక్కుంటుంది, రాగిని పట్టించుకోదు. అంతటితో ఆగకుండా, కర్బన ఉపరితలంలోని సమూహాలు కొంత పల్లాడియాన్ని క్షయకారకం (అయానుకు ఎలక్ట్రాన్లిచ్చి లోహంగా మార్చే పదార్థం) చేర్చకముందే లోహంగా మార్చేస్తాయి. ఈ దశలో రాత్రంతా కలియబెట్టి, వడపోసి, ఆరబెట్టేవారు రాగిలో ఎక్కువ భాగాన్ని వడపోత నీటిలో పారబోసుకుంటారు. దీన్ని కంటితోనే చూడవచ్చు: కర్బనం కలిపిన అరగంటకు ఒక మి.లీ. ద్రావణాన్ని సిరంజి ఫిల్టరుతో వడపోస్తే నారింజ రంగు పోయి ఉంటుంది; దానిలో నాలుగు చుక్కల అమ్మోనియా వేస్తే నీలి రంగు తేలుతుంది. ఆ నీలిమ ఇంకా ద్రావణంలోనే ఉన్న రాగి.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, రెండు లోహాలనూ ఒకే ఆవేశమున్న సంక్లిష్ట అయాన్లుగా తీసుకోవడం: నైట్రిక్ ఆమ్లంతో ఆక్సీకరించి శూన్యావేశ బిందువును బాగా తగ్గించిన కర్బనం మీద, అమ్మోనియా క్షార ద్రావణంలో టెట్రాఅమ్మైన్ పల్లాడియం, టెట్రాఅమ్మైన్ కాపర్ అయాన్లు రెండూ ధనావేశంతో కలిసి అధిశోషణం చెందుతాయి, అంటే ఉపరితలానికి అంటుకుంటాయి. రెండవది, వడపోత పెట్టుకోకుండా ఆ కర్బనం–నీటి ముద్దలోనే రెండు లోహాలనూ ఒకేసారి బలమైన క్షయకారకంతో క్షయకరించడం. మొదటిది శాస్త్రీయంగా అందమైనది. రెండవది మామూలు ప్రయోగశాలలో నమ్మదగినది, కనుక దానినే వివరిస్తాను.

నీరు, గాజుసామాను

బోరు నీటినీ, మామూలు కుళాయి నీటినీ ఈ పనికి దరిదాపుల్లోకి రానివ్వకూడదు. మన ప్రాంతపు నీటిలోని కాఠిన్యం, క్లోరైడ్, సల్ఫేట్ అన్నీ లోహ ఉపరితలానికి శత్రువులే. డీఅయనైజ్డ్ నీరే వాడాలి, దాని వాహకత ఎంతో ఆ రోజు నోటుపుస్తకంలో రాయాలి. గాజుసామానును మూడు వంతుల హైడ్రోక్లోరిక్, ఒక వంతు నైట్రిక్ ఆమ్లాల ఆమ్లరాజంతో ఫ్యూమ్ హుడ్‌లో శుభ్రం చేయాలి. మాగ్నెటిక్ బార్లను తప్పనిసరిగా పరిశీలించండి: పాత బార్ తెల్లని టెఫ్లాన్ మీద, ముఖ్యంగా కొసల దగ్గర, బూడిద రంగు మచ్చలుంటే అవి గత ప్రయోగాల నుంచి అంటుకున్న పల్లాడియమే. ఆ బార్‌తో ‘రాగి మాత్రమే’ ఉన్న నమూనా చేస్తే అది ఇక రాగి మాత్రమే అనిపించుకోదు. ఒక్కో లోహానికి వేరే బార్ కేటాయించుకోవడం అతి చవకైన జాగ్రత్త.

తయారీ

950 మి.గ్రా. కర్బనాన్ని 50 మి.లీ. నీటిలో అరగంట సోనికేట్ చేయాలి (అతిధ్వనులతో కదిలించి విడదీయాలి). అందులో 320 మి.గ్రా. ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ కరిగించాలి; ఇది మొత్తం లోహానికి మోల్ లెక్కన రెండింతలు. సిట్రేట్ రాగిని బంధించి, పీహెచ్ పెరిగినప్పుడు హైడ్రాక్సైడ్‌గా అవక్షేపం కాకుండా ఆపుతుంది, ఏర్పడే కణాలు ఒకదానితో ఒకటి అతుక్కోకుండా కూడా కొంత అడ్డుకుంటుంది. ముద్ద గుండా నైట్రోజన్ పంపుతూ, లోహ ద్రావణాన్ని చుక్కచుక్కగా చేర్చి, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను 8–9 మధ్యకు తేవాలి. ఇక్కడ అరగంటకు మించి ఆలస్యం చేయవద్దు; ఎందుకో పైన చెప్పాను.

సోడియం బోరోహైడ్రైడ్ 205 మి.గ్రా. తీసుకొని 20 మి.లీ. చల్లని 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో అప్పటికప్పుడు కరిగించాలి. ఇది లోహానికి మోల్ లెక్కన పదింతలు. క్షారం లేకపోతే బోరోహైడ్రైడ్ నీటితో చర్య జరిపి ముందే ఖర్చయిపోతుంది. వేసవిలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలకు చేరువయ్యే చోట ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది, కాబట్టి ద్రావణాన్నీ, చర్య జరిగే బీకరునూ మంచు తొట్టిలో ఉంచాలి. ఇరవై నిమిషాల పాటు చుక్కచుక్కగా చేర్చుతూ, గట్టిగా కలియబెట్టాలి. హైడ్రోజన్ బుడగలు వస్తాయి. పని అంతా ఫ్యూమ్ హుడ్‌లో, దగ్గర్లో మంట గానీ వేడి ప్లేటు గానీ లేకుండా సాగాలి. బీకరుకు మూత బిగించరాదు.

బలమైన క్షయకారకం ఎందుకు కావాలో ప్రామాణిక పొటెన్షియళ్ళు చూస్తే తెలుస్తుంది. టెట్రాక్లోరోపల్లాడేట్–పల్లాడియం జంటకు దాదాపు +0.6 వోల్టులు, రాగి అయాన్–రాగి జంటకు +0.34 వోల్టులు. ఇథిలీన్ గ్లైకాల్, ఆస్కార్బిక్ ఆమ్లం వంటి నెమ్మది క్షయకారకాలతో పల్లాడియం ముందుగా లోహంగా మారి, తరువాత రాగి దాని మీద పొరలా కూర్చునే అవకాశం ఉంది. మీకు పొర కావాలనుకుంటే అది మంచిదే. మిశ్రలోహం కావాలంటే ఆ సమయ వ్యత్యాసాన్ని చెరిపేయాలి, ఆ పని బోరోహైడ్రైడ్ చేస్తుంది. పల్లాడియం–నికెల్ జంటలో నికెల్ పొటెన్షియల్ −0.26 వోల్టులు కాబట్టి ఈ అంతరం మరింత పెద్దది, జాగ్రత్తా అంతే ఎక్కువ అవసరం.

చేర్చడం పూర్తయ్యాక రెండు గంటలు కలియబెట్టి, వడపోసే ముందు మళ్ళీ ఒక మి.లీ. వడపోసి అమ్మోనియా పరీక్ష చేయాలి. ఈసారి నీలి రంగు రాకూడదు. తరువాత వడపోసి, కడుగు నీటిలో సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లని మబ్బు కనిపించనంత వరకు కడగాలి. క్లోరైడ్ మిగిలితే అది పల్లాడియం ఉపరితలాన్ని ఆక్రమించి చర్యను మందగింపజేస్తుంది. చివరగా 60 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టాలి.

భద్రత విషయంలో ఒక మాట తప్పనిసరి. ఆరిన పల్లాడియం–కర్బనం, ముఖ్యంగా హైడ్రోజన్‌ను పట్టి ఉంచుకున్నది, మెథనాల్, ఇథనాల్ ఆవిరి తగిలితే గాలిలో అంటుకుంటుంది. ఆరిన పొడి మీద ఆల్కహాల్ పోయకండి. ముందు నైట్రోజన్ కింద నీటితో తడిపి, ఆ తరువాతే ఇతర ద్రావణి చేర్చాలి. వడపోత కాగితాన్ని కూడా తడిగానే ఉంచి వేరే డబ్బాలో వేయాలి, చెత్తబుట్టలో కాదు.

రెండు లోహాలు ఇంకా బాగా కలవాలంటే, ఆర్గాన్‌లో 5 శాతం హైడ్రోజన్ ఉన్న ప్రవాహంలో 250 డిగ్రీల వద్ద ఒకటి రెండు గంటలు వేడిచేయవచ్చు. ఉష్ణోగ్రత పెంచేకొద్దీ కలయిక మెరుగవుతుంది, కణాలూ పెద్దవవుతాయి. ఈ రెండింటి మధ్య మీ రాజీ ఎక్కడో మీరే పరీక్షించి తేల్చుకోవాలి. చల్లార్చాక గొట్టాన్ని ఒక్కసారిగా గాలికి తెరవకుండా, నైట్రోజన్‌లో 1 శాతం ఆక్సిజన్ ఉన్న వాయువును ఒక గంట పంపి ఉపరితలాన్ని నెమ్మదిగా శాంతింపజేయాలి.

పోలిక నమూనాలు లేకుండా ముందుకు పోకండి

సరిగ్గా ఇదే పద్ధతిలో, ఇదే కర్బనంతో, పల్లాడియం మాత్రమే ఉన్నదీ, రాగి మాత్రమే ఉన్నదీ చేయాలి. ఆపైన ఈ రెండు పొడులనూ మొత్తం లోహం సమానమయ్యేలా కలిపిన భౌతిక మిశ్రమం ఒకటి ఉండాలి. నా అభిప్రాయంలో ఈ మిశ్రమమే అన్నింటికన్నా విలువైన నమూనా. మీ ద్విలోహ ఉత్ప్రేరకం దీనికన్నా స్పష్టంగా భిన్నంగా ప్రవర్తించకపోతే, ఎంత అందమైన సూక్ష్మదర్శిని చిత్రం తెచ్చినా ద్విలోహం అన్న మాటకు ఆధారం లేనట్టే. దీన్ని చేయడానికి పది నిమిషాలు కూడా పట్టదు, అయినా ఎక్కువగా వదిలేసేది ఇదే.

నిర్ధారణ

టీఈఎం (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని), ఎక్స్‌పీఎస్ (ఎక్స్ కిరణాలతో ఉపరితల మూలకాల స్థితిని చూసే పరికరం) వంటి పెద్ద పరికరాల కోసం హైదరాబాద్‌లోని తార్నాకలో ఉన్న రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బాలాపూర్‌లోని పదార్థ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ వంటి సంస్థలను సంప్రదించవచ్చు. దేశంలోని పరిశోధన పరికరాల వివరాలు ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఉంటాయి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఎండాకాలం బస్సు ప్రయాణంలో నమూనా గాలికీ వేడికీ గురైతే ఉపరితల రాగి ఆక్సీకరణం చెందుతుంది. చిన్న గాజు సీసాలో ఆర్గాన్ నింపి, మూతకు పారాఫిల్మ్ చుట్టి తీసుకువెళ్ళండి. తయారైన తేదీ, కొలిచిన తేదీ రెండూ నివేదికలో రాయండి.

మొదట ఐసీపీ విశ్లేషణ, అంటే ద్రావణంలో ఒక్కో లోహం ఎంతుందో ప్లాస్మాతో కొలిచే పరీక్ష. ఉత్ప్రేరకాన్ని తూచి, కర్బనాన్ని మఫుల్ కొలిమిలో కాల్చి, మిగిలినదాన్ని వేడి ఆమ్లరాజంలో కరిగించి ఇవ్వాలి. మన లెక్క ప్రకారం పల్లాడియం 3.85 శాతం, రాగి 1.15 శాతం రావాలి. రాగి బాగా తగ్గితే అది కడుగు నీటిలో పోయిందని అర్థం. ఇక మిగతా పరీక్షలకు డబ్బు ఖర్చు పెట్టే ముందు తయారీని సరిచేసుకోవాలి.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాల వివర్తనంతో స్ఫటిక నిర్మాణాన్ని చూసే పరీక్ష) తరువాతి మెట్టు. రాగి కె-ఆల్ఫా కిరణాలతో శుద్ధ పల్లాడియపు 111 (ఒక స్ఫటిక తలం పేరు) శిఖరం 40.1 డిగ్రీల వద్ద, శుద్ధ రాగిది 43.3 డిగ్రీల వద్ద వస్తాయి. మిశ్రలోహమైతే శిఖరం ఈ రెండింటి మధ్యకు జరుగుతుంది. వెగార్డ్ నియమం ప్రకారం స్ఫటిక జాలక పొడవు కూర్పుతో సరళంగా మారుతుందనుకుంటే, పల్లాడియానికి 3.890, రాగికి 3.615 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 2:1 మిశ్రమానికి 3.798 వస్తుంది, అంటే శిఖరం 41.1 డిగ్రీల దగ్గర ఉండాలి. అది 40.3 దగ్గరే ఆగిపోతే రాగిలో కొద్ది భాగమే పల్లాడియంలోకి వెళ్ళిందని, మిగతాది స్ఫటికం కాని ఆక్సైడ్‌గా కర్బనం మీద పరచుకొని ఉందని అనుమానించాలి. 35.5, 38.7 డిగ్రీల వద్ద కాపర్ ఆక్సైడ్ శిఖరాలున్నాయేమో చూడండి. కానీ అవి లేనంత మాత్రాన ఆక్సైడ్ లేదని తీర్పు చెప్పలేము, ఎందుకంటే రెండు మూడు నానోమీటర్లకన్నా చిన్న కణాల శిఖరాలు వెడల్పై నేపథ్యంలో కలిసిపోతాయి. కర్బనపు వెడల్పాటి గుట్ట 24–25 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉత్త కర్బనం నమూనాను కూడా కొలిచి నేపథ్యాన్ని తీసివేస్తే శిఖర స్థానం నమ్మదగ్గదవుతుంది.

షెరర్ సూత్రంతో కణ పరిమాణం అంచనా వేయవచ్చు. పరికరపు వెడల్పును తీసివేశాక 41.1 డిగ్రీల శిఖరపు సగం ఎత్తు వద్ద వెడల్పు 2.0 డిగ్రీలైతే, దాన్ని 0.0349 రేడియన్లుగా మార్చి, 0.9ని తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లతో గుణించి, 0.0349, కొసైన్ 20.55 డిగ్రీల లబ్ధంతో భాగిస్తే సుమారు 4.2 నానోమీటర్లు వస్తుంది. డిగ్రీలను రేడియన్లుగా మార్చడం, పూర్తి కోణానికి బదులు సగం కోణం తీసుకోవడం మరచిపోవద్దు. కూర్పు కణానికొక తీరుగా ఉన్నా శిఖరం వెడల్పవుతుంది కనుక ఈ సంఖ్యను టీఈఎంతో సరిపోల్చకుండా ప్రకటించరాదు.

టీఈఎం దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే మన ప్రశ్నకు నేరుగా జవాబు ఇచ్చేది అదే. సాధారణంగా నమూనాను రాగి గ్రిడ్ మీద పెడతారు. రాగి ఉన్న ఉత్ప్రేరకానికి అది పనికిరాదు: ఎలక్ట్రాన్లు గ్రిడ్‌కు తగిలి వచ్చే రాగి ఎక్స్ కిరణాలు చిత్రంలో ప్రతిచోటా రాగిని చూపిస్తాయి, ప్రతి కణమూ ద్విలోహమే అన్నట్టు కనిపిస్తుంది. ఫారం నింపేటప్పుడే నికెల్ గ్రిడ్ లేదా బంగారు గ్రిడ్ కావాలని స్పష్టంగా రాయండి, పరికరం దగ్గర కూర్చున్నవారికి నోటితో కూడా చెప్పండి. నికెల్ గ్రిడ్ వాడినా సూక్ష్మదర్శిని లోపలి భాగాల నుంచి కొద్దిపాటి రాగి సంకేతం రావచ్చు. అందుకని లోహ కణాలు లేని ఉత్త కర్బన ప్రాంతంలో కూడా వర్ణపటం తీసి, ఆ నేపథ్యాన్ని తీసివేయాలి.

పరిమాణ వితరణకు కనీసం 200 కణాలను, గ్రిడ్ మీద వేర్వేరు చోట్ల నుంచి కొలవాలి. మూలక పటం ఒక్కటే చూసి తృప్తిపడవద్దు. తక్కువ వర్ధనంలో ఎరుపు చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపించడం పక్కపక్కనున్న వేర్వేరు కణాల వల్ల కూడా జరుగుతుంది. స్టెమ్ స్థితిలో (సన్నని పుంజంతో నమూనాను జల్లెడ పట్టే విధానంలో) ఎలక్ట్రాన్ పుంజాన్ని ఒక్కో కణం మీద నిలిపి, ఇరవై ముప్పై కణాల కూర్పును విడివిడిగా కొలవండి. రాగి వాటా అన్ని కణాల్లోనూ 33 శాతం చుట్టూ గుమికూడితే మిశ్రలోహం ఉందని ధైర్యంగా రాయవచ్చు. కొన్నింట్లో సున్నా, కొన్నింట్లో నూరు ఉండి సగటు మాత్రం 33 వస్తే, అది ద్విలోహం కాదు. సగటును మాత్రమే ప్రకటించే వ్యాసాల్ని చదివేటప్పుడు కూడా ఈ వితరణ కోసం వెతకండి.

ఎక్స్‌పీఎస్‌లో లోహ పల్లాడియపు 3డి 5/2 శిఖరం 335 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ, ఆక్సైడ్‌ది 336.5–337 మధ్య వస్తుంది. రాగి విషయంలో 932.6 దగ్గర శిఖరం చూసి ‘లోహ రాగి’ అని రాయడం తొందరపాటు; ఏకసంయోజక రాగి కూడా అక్కడే వస్తుంది. వాటిని వేరు చేయాలంటే అదే పరికరంలో కనిపించే ఆజే ఎల్ఎమ్ఎమ్ ఎలక్ట్రాన్ రేఖ కొలవాలి: లోహ రాగికి గతిజ శక్తి 918.6, క్యూప్రస్ ఆక్సైడ్‌కు 916.8 ఎలక్ట్రాన్ వోల్టులు. 940–944 మధ్య ఉపశిఖరాలుంటే ద్విసంయోజక రాగి ఉన్నట్టే. ఈ పరీక్ష ఉపరితలపు కొద్ది నానోమీటర్లనే చూస్తుంది కాబట్టి, ఇక్కడి పల్లాడియం–రాగి నిష్పత్తిని ఐసీపీ నిష్పత్తితో పోల్చడం ఉపయోగకరం. రాగి బాగా ఎక్కువ కనిపిస్తే అది పొరగా పైకి చేరిందని భావించవచ్చు.

హైడ్రోజన్ టీపీఆర్ (ఉష్ణోగ్రత పెంచుతూ నమూనా హైడ్రోజన్‌ను ఎంత తీసుకుంటుందో, విడుస్తుందో కొలిచే పరీక్ష) సౌకర్యం దగ్గర్లో ఉంటే వాడుకోండి. శుద్ధ పల్లాడియం గది ఉష్ణోగ్రత వద్దే హైడ్రైడ్‌ను ఏర్పరచి, 60–80 డిగ్రీల దగ్గర దాన్ని విడిచిపెడుతుంది; గ్రాఫ్‌లో అది తలకిందులైన శిఖరంగా కనిపిస్తుంది. రాగితో నిజంగా కలిసిన పల్లాడియంలో ఆ శిఖరం బాగా తగ్గుతుంది లేదా మాయమవుతుంది. భౌతిక మిశ్రమంలో అది అలాగే ఉంటుంది. తక్కువ ఖర్చుతో ఇంత సూటిగా తేడా చూపే పరీక్షలు అరుదు. నైట్రోజన్ అధిశోషణంతో ఉపరితల వైశాల్యం ఎలాగూ కొలుస్తారు. లోహం చేర్చాక అది కొంత తగ్గడం సహజం.

చర్యలో పరీక్ష

యూవీ వర్ణపటమాపకం ఉన్న ఏ కళాశాలలోనైనా 4-నైట్రోఫినాల్ పరీక్ష చేయవచ్చు. 0.1 మిల్లీమోలార్ నైట్రోఫినాల్‌కు నూరింతల బోరోహైడ్రైడ్ చేర్చితే పసుపు నైట్రోఫినలేట్ ఏర్పడి, 400 నానోమీటర్ల వద్ద శోషణ సుమారు 1.8 వస్తుంది. ఉత్ప్రేరకం చేర్చాక ఆ శిఖరం తగ్గుతూ, 300 దగ్గర 4-అమైనోఫినాల్ శిఖరం లేవాలి. కర్బనం ఆధారంగా ఉన్నప్పుడు ఈ రెండో శిఖరమే ముఖ్యం. యాక్టివేటెడ్ కార్బన్ నైట్రోఫినాల్‌ను ఉత్తగానే పీల్చుకుంటుంది. పసుపు రంగు పోయిందని చర్య జరిగినట్టు ప్రకటిస్తే అది అధిశోషణాన్ని ఉత్ప్రేరణగా రాసినట్టవుతుంది. బోరోహైడ్రైడ్ లేకుండా, ఉత్త కర్బనంతో కూడా నడిపి తేడా తీయాలి.

నైట్రేటు పరీక్షకు మూడు మెడల ఫ్లాస్కులో లీటరుకు 100 మి.గ్రా. నైట్రేటున్న 200 మి.లీ. ద్రావణం, 100 మి.గ్రా. ఉత్ప్రేరకం తీసుకొని, ముందు నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తొలగించి, తరువాత హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ సమానంగా పంపాలి. బయటికి వచ్చే వాయువును గొట్టం ద్వారా ఫ్యూమ్ హుడ్‌లోకి వదలాలి. నైట్రేటు నైట్రోజన్‌గా మారేటప్పుడు హైడ్రాక్సైడ్ వెలువడి పీహెచ్ పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే అమ్మోనియా వాటా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ దాన్ని అదుపులో ఉంచడానికే. ఫ్లాస్కును నీటి తొట్టిలో ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంచాలి, లేకపోతే జనవరి ఫలితాన్నీ మే ఫలితాన్నీ పోల్చలేరు.

పది నిమిషాలకొకసారి నమూనా తీసి, వెంటనే 0.22 మైక్రాన్ ఫిల్టరుతో వడపోయాలి. నైట్రేటును అయాన్ క్రోమటోగ్రఫీతో కొలవడం ఉత్తమం; 220 నానోమీటర్ల యూవీ పద్ధతిలో నైట్రైటు కూడా శోషిస్తుంది కనుక ఈ చర్య మధ్యలో అది తప్పుదారి పట్టిస్తుంది. నైట్రైటును గ్రీస్ అనే రంగు పద్ధతిలో 540 నానోమీటర్ల దగ్గర, అమ్మోనియాను ఇండోఫినాల్ నీలి పద్ధతిలో కొలవవచ్చు. మూడింటినీ నైట్రోజన్ మోల్‌లలోకి మార్చి, మొదటి నైట్రేటులోంచి తీసివేస్తే మిగిలినది నైట్రోజన్ వాయువుగా లెక్కించవచ్చు. ఈ లెక్క పరోక్షమైనదని రాయడం న్యాయం. నైట్రేటు మాయమైన శాతాన్ని మాత్రమే చూపే ఫలితం తాగునీటి కోణంలో అసంపూర్ణం, ఎందుకంటే అమ్మోనియా నైట్రోజన్‌కు కూడా భారతీయ ప్రమాణం లీటరుకు 0.5 మి.గ్రా. పరిమితి పెట్టింది.

ప్రయోగశాలలో కలిపిన ద్రావణంలో బాగా పనిచేసినదాన్ని మాత్రమే మీ ఊరి బావి నీటితో పరీక్షించండి. ఆ నీటిలోని సల్ఫేట్, బైకార్బొనేట్, క్లోరైడ్ ఉపరితల స్థానాల కోసం నైట్రేటుతో పోటీ పడతాయి కాబట్టి వేగం తగ్గడం ఊహించదగినదే. ఎంత తగ్గిందో, ఏ అయాన్ వల్ల తగ్గిందో ఒక్కొక్క లవణాన్ని విడిగా చేర్చి తేల్చవచ్చు. ఉత్ప్రేరకాన్ని వడపోసి, కడిగి, తిరిగి కనీసం మూడు నాలుగు సార్లు వాడి చూడాలి. ప్రతి సారీ చర్య తరువాతి నీటిని ఐసీపీకి పంపి అందులోకి పల్లాడియం, రాగి ఎంత కరిగాయో కొలవాలి. చర్య మధ్యలో ఉత్ప్రేరకాన్ని వడపోసి తీసేసిన ద్రావణంలో హైడ్రోజన్ పంపుతూ ఉన్నా నైట్రేటు తగ్గుతూ పోతే, పని చేస్తున్నది కర్బనం మీది కణాలు కాదు, కరిగిపోయిన లోహం.